ఒకే గట్టు, ఒకే ఫొటో: చెరువు మారేది కళ్లకు కనబడాలంటే...

రేపల్లె: చెరువు ఒక్క రోజులో మాయం కాదు. ముందు ఒక మూల గుర్రపుడెక్క వస్తుంది. తర్వాత ఎవరో నాలుగు బస్తాల చెత్త పారబోస్తారు. దాని మీద కూలగొట్టిన ఇంటి ఇటుకలూ పెళ్లలూ పడతాయి. కొన్నాళ్లకి అక్కడ ఒక రేకుల షెడ్డు లేస్తుంది. రోజూ ఆ గట్టు మీదే నడిచేవాళ్లకి ఇదేమీ పట్టదు, ఎందుకంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చాలా తక్కువ. గల్ఫ్ నుంచి మూడేళ్లకొకసారి సెలవు మీద వచ్చే కొడుక్కి మాత్రం ఊళ్లో దిగగానే తెలుస్తుంది. "అమ్మీ, చెరువు ఇంతే ఉండేదా?" అని అడిగేది అతనే.

అలా దూరం నుంచి వచ్చినవాడి చూపు ఊళ్లో ఉన్నవాళ్లకీ రావాలంటే ఒక దారి ఉంది. పెద్ద ఖర్చేం లేదు. ఒకే చోట నిలబడి, ఒకే వైపు చూస్తూ, నెలకోసారి ఫోన్‌తో ఒక ఫొటో తీయడం. అంతే. ఒక్క ఫొటోకి పెద్ద విలువ ఉండదు, అది ఒక రోజు బ్యాలెన్స్ మాత్రమే. 24 ఫొటోలు వరసగా పెడితే అది రెండేళ్ల పాస్‌బుక్. ఎప్పుడు నీళ్లు జమ అయ్యాయి, ఎప్పుడు ఖర్చయ్యాయి, ఎవరు చెప్పకుండా తీసుకున్నారు, అన్నీ అందులో బయటపడతాయి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1880ల చివర్లో సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆల్ప్స్ కొండల్లో మంచునదులు ఎంత కరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఒకే చోటుల నుంచి మళ్లీ మళ్లీ ఫొటోలు తీశాడు. ఉత్తర అమెరికాలో బీవర్ అనే జంతువు ఉంది. పెద్ద పందికొక్కులా ఉండి, పళ్లతో చెట్లు కొరికి, కొమ్మలూ బురదా పేర్చి వాగుకి అడ్డంగా కట్ట కడుతుంది. ఆ కట్ట వెనక నీళ్లు నిలిచి చెరువవుతుంది. మునిగిన చెట్లు ఎండిపోతాయి, కొంగలు చేరతాయి, మెల్లగా పూడిక పేరుకుంటుంది. బీవర్ వదిలేసి వెళ్లాక కట్ట తెగి ఆ చోటు పచ్చిక మైదానంగా మారుతుంది. అక్కడి ప్రకృతి ప్రేమికులు ఏళ్ల తరబడి ఒకే చోటు నుంచి ఈ మార్పుని ఫొటోలు తీస్తారు. కెనడాలోని వుడ్ బఫెలో నేషనల్ పార్క్‌లో సుమారు 850 మీటర్ల పొడవున్న బీవర్ కట్ట ఒకటి ఉంది, ప్రపంచంలో అదే పెద్దదంటారు. దాన్ని 2007లో ఒక పరిశోధకుడు కనిపెట్టింది అడవిలో తిరిగి కాదు, కంప్యూటర్ ముందు కూర్చుని ఉపగ్రహ చిత్రాల్లో!

మన దగ్గర బీవర్లు లేవు. చెరువులు మాత్రం ఉన్నాయి, వాటి కష్టాలూ అవే: పూడిక, కలుపు, తెగిన గట్టు. అదనంగా మనిషి ఉన్నాడు.

రేపల్లె చెరువు ఎందుకు వేరు

రేపల్లె కృష్ణా పశ్చిమ డెల్టాకి చివర ఉంది. 1855లో విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టాక, ఆ తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, ఈ ప్రాంతానికి నీళ్లు కాలువల మీదే వస్తున్నాయి. తెనాలి దాటి దక్షిణానికి వచ్చేకొద్దీ సముద్రం దగ్గరవుతుంది, భూమిలో నీళ్లు ఉప్పగా తగులుతాయి. చాలా ఊళ్లలో బోరు వేస్తే వచ్చే నీళ్లు బట్టలు ఉతకడానికే పనికిరావు, తాగే మాట దేవుడెరుగు. అందుకే కాలువ పారేటప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకుని, కాలువ కట్టేసిన వేసవి నెలల్లో ఆ నీళ్లే వాడుకోవడం ఇక్కడ పాత అలవాటు.

కాబట్టి ఇక్కడి చెరువు వానలకి నిండి ఎండలకి ఎండిపోయే రాయలసీమ చెరువు లాంటిది కాదు. అది కాలువ చెప్పినట్టు నడుస్తుంది. ఫొటో తీసేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఏప్రిల్‌లో చెరువు నిండుగా కనబడితే వాన పడిందని కాదు, కాలువ కట్టేసే ముందు నింపారని. జూన్‌లో అడుగు కనబడితే చెరువు చచ్చిపోయిందని కాదు, ఖరీఫ్ నీళ్లు ఇంకా రాలేదని.

ఇక్కడే మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పుకోవాలి. చాలామంది ఏటా ఈద్ రోజు ఫొటోలు తీసుకుంటారు, ఈద్‌గాకి వెళ్లే దారిలో చెరువు గట్టు ఉంటే అక్కడా ఒకటి తీస్తారు. ఆ ఫొటోలు పక్కపక్కన పెట్టి "పోయిన పదేళ్లలో చెరువు ఇలా అయ్యింది" అని చెప్పడం కుదరదు. చాంద్రమాన సంవత్సరం ఏటా సుమారు 11 రోజులు ముందుకి జరుగుతుంది. 2016లో రంజాన్ నెల జూన్‌లో మొదలైంది. 2026లో ఫిబ్రవరిలోనే వచ్చింది. జూన్ చెరువునీ ఫిబ్రవరి చెరువునీ పోల్చితే కనబడేది కాలువ తేడా, చెరువు తేడా కాదు. ఈద్ ఫొటోలు ఉంచుకోండి, అవీ పనికొస్తాయి. లెక్క కోసం మాత్రం ఇంగ్లిష్ నెల తేదీ ఒకటి పెట్టుకోండి. ప్రతి నెలా 1వ తేదీ దాటాక వచ్చే మొదటి జుమా అనుకుంటే మరిచిపోరు.

ఎక్కడ నిలబడాలి

మొదటి రోజు పెట్టే శ్రద్ధే మొత్తం పనిని నిలబెడుతుంది. చెరువు చుట్టూ ఒకసారి నడవండి. పదేళ్ల తర్వాత కూడా కదలని చోటు వెతకండి. తూము గోడ, కల్వర్టు పిట్టగోడ, రేవు పైమెట్టు, చేతిపంపు దిమ్మె లాంటివి. మట్టి గట్టు మీద చెట్టు పక్కన అనుకుంటే కష్టం. గట్టు మీద రోడ్డు వేస్తారు, చెట్టు కొట్టేస్తారు. తుపాను వస్తే చెట్టు దానంతటదే పోతుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటిన సంగతి ఈ వైపు ఎవరూ మరిచిపోలేదు.

నిలబడే చోట చిన్న పెయింట్ గుర్తు పెట్టండి. ఫొటోలో మూడు సంగతులు తప్పకుండా పడాలి: నీటి అంచు, అవతలి గట్టు, ఎప్పటికీ మారని రెండు మూడు వస్తువులు. మస్జిద్ మినార్, ఓవర్‌హెడ్ ట్యాంకు, సెల్ టవర్, కరెంటు స్తంభం ఏవైనా సరే. స్తంభం మీద నంబరు ఉంటే దాన్ని నోటు పుస్తకంలో రాసుకోండి.

ఫోన్ అడ్డంగా పట్టుకోండి, ఛాతీ ఎత్తులో. కెమెరాలో 1ఎక్స్ మీదే ఉంచండి. 0.5ఎక్స్‌లో చెరువు పెద్దగా, దూరంగా కనబడుతుంది, 2ఎక్స్‌లో గట్టు దగ్గరికి జరిగినట్టుంటుంది. ఒక నెల ఇది, ఒక నెల అది అయితే పోలిక పాడైపోతుంది. ఫిల్టర్లు, బ్యూటీ మోడ్‌లు అసలు వద్దు. సూర్యుడు వీపు వెనక ఉండే సమయం చూసుకోండి. పడమటికి చూస్తూ తీసేవాళ్లకి ఉదయం 7, 8 గంటలు బాగుంటుంది. తూర్పుకి చూస్తుంటే అసర్ తర్వాత తీయండి. ఎదురెండలో తీస్తే నీళ్లన్నీ అద్దంలా మెరిసి, గుర్రపుడెక్క ఎక్కడిదాకా ఉందో కూడా కనబడదు.

రేవు మెట్లున్న చెరువైతే మీ పని సగం అయినట్టే. నీటి పైన ఎన్ని మెట్లు కనబడుతున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. "మార్చి: 4 మెట్లు. ఏప్రిల్: నింపారు, 1 మెట్టు. మే: 6 మెట్లు." ఇంతకు మించిన కొలబద్ద ఊళ్లో దొరకదు. ఒక్క మెట్టు ఎత్తు టేపుతో కొలిచి పెట్టుకుంటే నీళ్లు ఎన్ని సెంటీమీటర్లు తగ్గాయో కూడా చెప్పొచ్చు.

ఇదే పద్ధతిని ఆస్ట్రేలియాలో 2017లో సిడ్నీ దగ్గర మ్యాన్లీ బీచ్‌లో ఇంకొంచెం సులువు చేశారు. తీరంలో ఫోన్ పెట్టడానికి ఒక స్టీల్ స్టాండు బిగించారు. వచ్చేపోయేవాళ్లు అందులో ఫోన్ ఉంచి ఫొటో తీసి పంపితే చాలు, అందరి ఫొటోలూ ఒకే కోణంలో వస్తాయి. కోస్ట్‌స్నాప్ అనే ఆ పథకం తర్వాత చాలా దేశాలకి పాకింది. మన ఊరి గట్టు మీద స్టీల్ స్టాండు పెడితే రెండు రోజుల్లో పాత ఇనుం కొట్టుకి చేరుతుందేమో గానీ, సిమెంటు దిమ్మెలో ఫోన్ పట్టేంత గాడి చేయించడం తాపీ మేస్త్రికి పది నిమిషాల పని.

పాత ఆల్బమ్‌లో చెరువు

ఇవాళ మొదలుపెడితే ఇవాళ్టి నుంచే లెక్క వస్తుంది. వెనక్కి ఎలా వెళ్లాలి? ఇంట్లో బీరువా తెరవాలి. 1980లు, 90ల నికా ఫొటోల్లో, దాదా దాదీల ఫొటోల్లో వెనకాల చెరువు ఉండొచ్చు. మనుషుల్ని కాదు, వాళ్ల వెనక ఏముందో చూడండి.

అలాంటి ఫొటో దొరికితే అది ఎక్కడ నిలబడి తీశారో కనుక్కోవచ్చు. ఫొటోలో దగ్గరి వస్తువొకటి, దూరపు వస్తువొకటి ఒకే గీతలో పడ్డాయా చూడండి. ఉదాహరణకి రేవు గోడ మూల సరిగ్గా మినార్ కింద కనబడుతోందనుకుందాం. ఇవాళ గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ ఆ రెండూ అలాగే కలిసే చోటు పట్టుకోండి. ఫొటో తీసినవాడు ఆ గీత మీదే ఎక్కడో నిలబడ్డాడు. ఇప్పుడు ఫొటోలో రెండో వైపు ఇంకో జత చూడండి, అప్పుడు ఇంకో గీత వస్తుంది. రెండు గీతలూ కలిసే చోటే పాత కెమెరా ఉన్న చోటు. సర్వేయర్లు వాడే కిటుకు ఇదే. పిల్లలకి చెబితే ఆటలా చేస్తారు.

ఫొటోలో కనబడనిది

నిండుగా ఉన్న చెరువు ఫొటో చూసి సంతోషపడిపోకూడదు. ఫొటో నీటి వెడల్పు చూపిస్తుంది, లోతు చూపించదు. పూడిక నీళ్ల కింద దాక్కుంటుంది.

లెక్క వేసి చూడండి. 2022 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన అమృత్ సరోవర్ పథకంలో ఒక్కో చెరువు కనీసం ఎకరం ఉండాలి, సుమారు 10,000 ఘనపు మీటర్ల నీళ్లు పట్టాలి అన్నారు. అంటే కోటి లీటర్లు, రెండున్నర మీటర్ల లోతు. అలాంటి ఎకరం చెరువులో ఒక మీటరు పూడిక చేరిందనుకోండి. 4,000 ఘనపు మీటర్లు, అంటే 40 లక్షల లీటర్లు పోయినట్టే. జల జీవన్ మిషన్ లెక్కలో మనిషికి రోజుకి 55 లీటర్లు. వెయ్యి మంది ఉన్న ఊరికి ఇది 72 రోజుల నీళ్లు! వేసవి రెండు నెలలు గడిచిపోయేంత నీళ్లు మట్టి కింద పోయాయి, ఫొటోలో మాత్రం చెరువు నిండుగానే ఉంది. పైన ఎండకి ఆవిరయ్యేది వేరే.

అందుకే ఏడాదికోసారి, అడుగు కనబడే రోజుల్లో తీసే ఫొటోకి ఎక్కువ విలువ. కాలువ నీళ్లు వచ్చే ముందు రెండు వారాలు పూడిక ఎక్కడిదాకా వచ్చిందో, తూము ఎంత మూసుకుపోయిందో తేటగా కనబడుతుంది. చాలామంది చెరువు అందంగా ఉన్నప్పుడే తీస్తారు, ఎండినప్పుడు మొహం తిప్పుకుంటారు. పని దానికి తిరగబడి ఉంది.

గుర్రపుడెక్క సంగతి ఇంకోటి. అనుకూలంగా ఉంటే అది రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. ఈ నెల పావు చెరువు ఉంటే వచ్చే నెలకి మొత్తం కప్పేయొచ్చు. అది కనబడిన నెలల్లో మాత్రం వారానికోసారి తీయడం మేలు, పంచాయతీకో మున్సిపాలిటీకో చెప్పేటప్పుడు "పెరుగుతోంది" అనే మాటకి నాలుగు ఫొటోలు తోడుంటాయి.

ఆకాశం నుంచి చూస్తే?

ఉపగ్రహ చిత్రాలు ఉచితంగానే దొరుకుతున్నప్పుడు గట్టు మీద నిలబడడం ఎందుకు అని అడగొచ్చు. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తున్నాయి, 2008 నుంచి అవి అందరికీ ఉచితం. కొల్లేరు కథ బయటపడింది చాలావరకు ఇలాంటి చిత్రాల్లోనే. సరస్సు మీద చేపల చెరువుల గళ్లు ఏటేటా ఎలా పరుచుకున్నాయో, 1999లో అభయారణ్యంగా ప్రకటించినా ఎలా ఆగలేదో, 2006లో ఆపరేషన్ కొల్లేరులో గట్లు కొట్టేశాక ఏమైందో వరసగా చూడొచ్చు.

కానీ కొల్లేరు పెద్దది. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అర ఎకరం కుంట దానికి రెండు చుక్కలు! యూరప్ వాళ్ల సెంటినెల్-2లో చుక్క 10 మీటర్లు, అర ఎకరానికి 20 చుక్కలు వస్తాయి. అయినా చెత్త బస్తాలు, కొత్తగా పాతిన కంచె రాళ్లు అందులో కనబడవు. వానాకాలంలో మబ్బు పడితే అసలేమీ కనబడదు. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో ఉచితంగా వేసుకుంటే పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూడొచ్చు, ఇస్రో వారి భువన్ కూడా ఉంది. పెద్ద మార్పుకి అవి, చిన్న మార్పుకి గట్టు మీది ఫోన్. రెండూ కలిస్తేనే కథ పూర్తి.

ఆఫీసులో చూపించేటప్పుడు

కేంద్ర జలశక్తి శాఖ 2023లో బయటపెట్టిన మొదటి నీటి వనరుల గణన ప్రకారం దేశంలో 24,24,540 చెరువులు, కుంటలు, ఇతర నీటి వనరులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ వాటా లక్షా 90 వేలకి పైనే. దేశం మొత్తం మీద ఆక్రమణలో ఉన్నవి 1.6 శాతమే అని అందులో రాశారు. ఊళ్లు తిరిగినవాళ్లకి ఈ అంకె కొంచెం తక్కువగానే అనిపిస్తుంది.

చట్టం చెరువు వైపే ఉంది. 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో, 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి చెరువులు, ఉమ్మడి భూములు ఆక్రమించడాన్ని ఒప్పుకోలేదు, జగ్‌పాల్ సింగ్ కేసులో అయితే వాటిని ఖాళీ చేయించే పథకాలు తయారుచేయాలని అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. కానీ అర్జీ పట్టుకుని వెళ్లినప్పుడు ఆఫీసర్ అడిగే మొదటి మాట "ఎప్పటి నుంచి?" అని. దానికి జవాబు తేదీ ఉన్న ఫొటోలు.

ఫొటోతో సరిహద్దు తేలదని గుర్తుంచుకోండి. చెరువు ఎంతవరకు అనేది సర్వే నంబరు, ఎఫ్ఎంబీ పటం, రెవెన్యూ రికార్డులు చెబుతాయి, సర్వేయర్ గొలుసు చెబుతుంది. ఆ కాగితాలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఖబ్రస్తాన్ పక్కనో, వక్ఫ్ భూమిని ఆనుకునో కుంట ఉంటే ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. ఫొటో చూపించి పక్కవాడి మీద నింద వేయడం వేరు, ఫొటోతో పాటు పటం పెట్టి కొలవమని అడగడం వేరు. మొదటిది గొడవ అవుతుంది. రెండోది అర్జీ అవుతుంది, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వొచ్చు.

కోర్టు దాకా వెళ్లే అవకాశం ఉంటే అసలు ఫైలు చెరపకండి. 2020లో అర్జున్ పండిట్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, ఫొటో ఉన్న అసలు ఫోన్‌నే యజమాని కోర్టులో చూపిస్తే వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు, కాపీ ఇస్తే మాత్రం తప్పనిసరి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఆ సర్టిఫికెట్‌కి నమూనా ఉంది. వకీలుకి ఆ సెక్షన్ నంబరు చెబితే చాలు.

వాట్సాప్ విషయంలో చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. మామూలుగా ఫొటో పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, లోపలున్న తేదీ, జీపీఎస్ వివరాలు తీసేస్తుంది. గ్రూపులో వేసి, తన ఫోన్‌లోది చెరిపేస్తే మిగిలేది బొమ్మ మాత్రమే. పంపాలంటే "డాక్యుమెంట్"గా పంపండి. ఫైలు పేరు 2026-03-06 అని సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ పెట్టండి, కంప్యూటర్ దానంతటదే వరసలో పేరుస్తుంది.

ఇంట్లోవాళ్లకి రెండు మాటలు. రేవులో ఆడవాళ్లు బట్టలు ఉతుకుతుంటే, ఎవరైనా స్నానం చేస్తుంటే కెమెరా ఎత్తకండి. ఆ రోజు కాకపోతే రేపు తీయొచ్చు. పిల్లలకి ఈ పని అప్పగిస్తే పెద్దవాళ్లొకరు తోడుండాలి, గుర్తు కూడా నీటి అంచున కాదు, రోడ్డు వైపు పిట్టగోడ మీద పెట్టాలి. కొత్తగా పూడిక తీసిన చెరువులో రెండడుగులు వేస్తే ఎంత లోతు పడుతుందో ఎవరికీ తెలియదు.

ఇక ఫోన్ మార్చేటప్పుడు. ప్రతి ఫోన్ కెమెరా చూపు ఒకేలా ఉండదు, కొన్ని వెడల్పుగా చూస్తాయి, కొన్ని ఇరుకుగా. పాత ఫోన్ అమ్మే ముందు, అదే రోజు, అదే గుర్తు మీద నిలబడి పాత ఫోన్‌తో ఒకటి, కొత్త ఫోన్‌తో ఒకటి తీసి పెట్టుకోండి. రెండింటిలో మినార్ నుంచి కరెంటు స్తంభం వరకు దూరం ఎంత వచ్చిందో చూస్తే, తర్వాతి ఫొటోలని ఎంత కత్తిరించాలో తెలుస్తుంది. నోటు పుస్తకంలో ఆ తేదీ పక్కన "ఫోన్ మారింది" అని రాయండి.